అలివేలమ్మ అడిగిన పూలు

మా పెద్దమ్మ అలివేలమ్మకు దేవుడంటే భక్తి అని ఊర్లో అందరూ అంటారు. అది భక్తి కాదు, కాపురం. సింహాద్రిపురానికి అవతల వాళ్ళ ఊరు. ఊరు దాటి చీనీ, అంటే బత్తాయి తోటల్లోకి పోయే దారిలో ఒక చిన్న ఆంజనేయస్వామి గుడి. నిలువెత్తు బండ మీద చెక్కిన సామి, ఒళ్ళంతా సింధూరం. ఆయనతో ఆమె మాట్లాడే తీరు చూస్తే ఇంట్లో పెద్దమనిషితో మాట్లాడినట్టే ఉంటుంది. కోపమొస్తే గుడి ముందర నుంచే తల తిప్పుకొని పోవడం కూడా నేను కళ్ళారా చూశాను.

ఆ గుళ్ళో పువ్వడిగే ఆచారం ఉంది. తేల్చుకోలేని పని ఏదన్నా వస్తే మనుషులు అక్కడికి వస్తారు. పూజారి ఓబులేసు సామి మీద చెంబెడు నీళ్ళు పోసి, రెండు గన్నేరు పూలు తడిపి, ఒక్కో భుజానికి ఒక్కొక్కటి అంటిస్తాడు. వచ్చినవాళ్ళు చేతులు జోడించి, అడగాల్సింది పైకి అడిగి నిలబడాలి. సామి కుడి భుజం మీది పువ్వు ముందు రాలితే సరే అన్నట్టు. ఎడమది రాలితే వద్దన్నట్టు. అంతే, ఇక మారు మాట ఉండదు.

మామూలు మనుషులు పెండ్లికో, బోరు వేయడానికో ఎప్పుడో ఒకసారి అడుగుతారు. మా పెద్దమ్మ అన్నిటికీ అడిగేది. శనగ ఈ వారం విత్తాలా వద్దా, చీనీకాయలు ఈ దళారికి ఇవ్వాలా వద్దా, ఇంటికి నీలం రంగు కొట్టించాలా వద్దా. ఓబులేసు పాపం, ఆమె చెప్పుల చప్పుడు వినగానే నీళ్ళ చెంబు అందుకునేవాడు. ఒక ఏడాది సామి మాట విని శనగలు ముందే అమ్మేసింది. ఆ తర్వాత ధర ఎక్కడికో పోయింది. మా పెద్దనాయన నారాయణ ఊరుకుంటాడా! "ఏందే, మీ ఆయప్పకు మార్కెట్ తెలీదా?" అన్నాడు. "తెలుసు. దుడ్లొస్తే నువ్వు మోటర్ సైకిల్ కొని యాడో ఒకచోట పడతావని గూడా తెలుసు" అని ఆమె జవాబు.

నా పేరు నాగేంద్ర. జమ్మలమడుగులో విత్తనాలు, పురుగుమందుల అంగడి నాది. పెద్దమ్మ మా అమ్మకు అక్క. వాళ్ళకు బిడ్డల్లేరు, కాబట్టి మంచికైనా చెడ్డకైనా ఫోన్ నాకే వస్తుంది. నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి ఎటూ మా ఆవిడ సుధారాణి చెప్పేస్తుంది కాబట్టి నేనే ముందు చెబుతున్నాను. ఆ సుధారాణి సంబంధం కూడా పెద్దమ్మ పువ్వడిగి కుదిర్చిందే. ఇప్పటికీ ఇంట్లో మాటామాటా వస్తే, "నన్ను నువ్వు తెచ్చుకోలేదు, సామి తెచ్చినాడు. ఏమన్నా ఉంటే ఆడికి పోయి చెప్పుకో" అంటుంది.

ఇన్ని అడిగే మనిషి ఒక్కదానికి మాత్రం ఎప్పుడూ పువ్వు పెట్టించలేదు. ఆకలని ఎవరన్నా గడప ముందు నిలబడితే, వాళ్ళు ఎవరైనా సరే, కంచం బయటికి వచ్చేది. ఒకసారి నేను ఎగతాళికి, "ఏం పెద్దమ్మా, వీళ్ళకు పెట్టాలా వద్దా అని సామిని అడగవా?" అన్నాను. ఆమె నా వంక ఎగాదిగా చూసింది. "తెలిసినదాన్ని ఎవురన్నా అడుగుతారా? తెలీనిదాన్ని అడుగుతారు గానీ" అని, నాకు కూడా కంచం పెట్టింది.

ఇంత బాగా తెలిసిన మనిషే తప్పు చేసింది.

తోటలో చీనీ కొమ్మలు కత్తిరిస్తుంటే పెద్దనాయనకు ముల్లు దిగింది. చెప్పు అరిగిపోయి ఉంది, ముల్లు నేరుగా పాదంలోకి పోయింది. షుగరు ఉన్న కాలు కాబట్టి నొప్పి తెలియలేదు. నొప్పి తెలియకపోతే మా పెద్దనాయనకు అది దెబ్బ కిందే లెక్క కాదు. పుండు అయింది, చీము పట్టింది. పులివెందుల ఆసుపత్రికి తీసుకుపొమ్మని పక్కింటివాళ్ళు చెప్పారు. పెద్దమ్మ గుడికి పోయి అడిగింది. ఎడమ పువ్వు రాలింది. ఇంటికొచ్చి ఆకు పసరు పిండి కట్టు కట్టింది. నాకు ఫోన్ చేయలేదు. చేస్తే నేనేమంటానో ఆమెకు తెలుసు.

చివరికి పెద్దనాయనే చేశాడు. "రేయ్ నాగేంద్రా, కాలి వేళ్ళు నల్లంగా అయినాయి. నీ అంగట్లో దానికేమన్నా మందుందేమో చూడు" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు వెనక పళ్ళు టకటకా కొట్టుకోవడం ఫోన్లో వినపడింది. జ్వరం. అంగడి మూసి, బాడుగ కారు తోలే లాల్ బాషాను మాట్లాడుకొని వెళ్ళాను. ఇంట్లోకి అడుగు పెట్టగానే వాసన. నా అంగట్లో రోజంతా పురుగుమందుల మధ్య కూర్చునే నాకే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. ఆ వాసనలో ఇన్ని రోజులు ఆమె ఎలా కూర్చుందో, ఏమని సర్దిచెప్పుకుందో నాకు అర్థం కాలేదు. అడిగే ఓపిక కూడా లేదు. పెద్దనాయనను ఎత్తి కార్లో పడుకోబెట్టి ప్రొద్దుటూరు తీసుకుపోయాను. సుధారాణి బస్సెక్కి నేరుగా అక్కడికే వచ్చింది.

మరుసటి రోజు పొద్దున డాక్టరమ్మ మమ్మల్ని పక్కకు పిలిచింది. చిన్న వయసు, మాట మెత్తన, కానీ దాచలేదు. విషం పైకి పాకుతోంది, మోకాలి కింద కాలు తీసేయాలి, సాయంత్రం లోపల తీస్తే మనిషి దక్కుతాడు, ఆగితే దక్కుతాడని మాత్రం చెప్పలేనంది. పెద్దమ్మ సంతకం కావాలంది.

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెప్పింది. "నేను పోయి సామిని అడిగొస్తా."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఒకతూరి అడిగినావు గదా పెద్దమ్మా! అడిగినందుకే కాలు పోతాంది. మళ్ళా అడిగి మనిషిని గూడా పోగొట్టుకుంటావా?" అని ఆసుపత్రి వరండాలో అరిచాను. పక్కనున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. లోపల మంచం మీద నుంచి పెద్దనాయనే చెయ్యి ఊపి నన్ను దగ్గరికి పిలిచాడు. "తీసకపో నాయనా. ఆమె అడక్కుండా సంతకం పెట్టదు. పెట్టినా, నాకేమన్నా అయితే ఆమె బతకదు" అన్నాడు. చావుబతుకుల్లో ఉన్న మనిషి ఆమె సంగతి ఆలోచిస్తున్నాడు. సుధారాణిని ఆయన దగ్గర పెట్టి, లాల్ బాషాకు ఫోన్ కొట్టాను.

లాల్ బాషా కువైట్‌లో చాలా ఏళ్ళు కారు తోలి వచ్చి, ఇప్పుడు సొంత కారు పెట్టుకున్నాడు. జమ్మలమడుగు దాటేదాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ పళ్ళు కొరుకుతూ కూర్చున్నాను. చివరికి అతనే మెల్లగా అన్నాడు. "మేము గూడా అడుగుతాం పెద్దమ్మా. కువైట్‌కు పోయే ముందర మా అమ్మ చెప్తే నమాజు చేసి అడిగినా. ఇది నాకు మంచిదైతే సులువు చెయ్, చెడ్డదైతే నా నుంచి మళ్ళించు అని."

"ఏమన్నాడు?" పెద్దమ్మ ముందుకు వంగింది.

"మాకు పూలు రాలవు గదా. అడిగినాక పనిలోకి దిగడమే. వద్దనుకుంటే ఆయనే అడ్డం పడతాడు."

"అడ్డం పడినాడని నీకు ఎట్ల తెలుస్తాది?"

లాల్ బాషా నిజాయితీగా ఆలోచించాడు. "అది నాకూ సరింగా తెలీదు పెద్దమ్మా. వీసా రెండుతూర్లు ఎనక్కొచ్చింది. తర్వాత వచ్చింది. అడ్డం పడింది ఆయనో ఏజెంటో ఇప్పటికీ తెలీదు."

ఇంకో రోజైతే నేను పగలబడి నవ్వేవాణ్ణి. పెద్దమ్మ నవ్వలేదు. వెనక్కి ఆనుకొని కళ్ళు మూసుకుంది.

గుడి దగ్గర ఓబులేసు మా కోసం తలుపు తీసి కూర్చున్నాడు. దారిలోనే ఫోన్ చేశాను. తప్పదన్న తర్వాత ఆలస్యం మాత్రం ఎందుకని. ఆయన నీళ్ళు పోసి, పూలు తడిపి, భుజాలకు అంటించి పక్కకు జరిగాడు. పెద్దమ్మ చేతులు జోడించింది. "సామీ, నా మొగుని కాలు తీయించమంటావా?" అంది. గొంతు వణకలేదు.

నేను దేవుణ్ణి నమ్ముతానో లేదో నాకే సరిగ్గా తెలియదు. కానీ ఆ రోజు గడప బయట నిలబడి, ఆ కుడి భుజం మీది పువ్వును చూస్తూ, రాలు, రాలు, రాలు అని బతిమాలుకున్నాను. దాని కింద నీటి బొట్టు ఒకటి సాగుతోంది. పువ్వు కొంచెం వంగింది. ఇంకొంచెం వంగింది.

ఎడమది రాలింది.

ఓబులేసు తల వంచుకున్నాడు. లాల్ బాషా అయితే అటు తిరిగి నిలబడ్డాడు. ఇక అయిపోయింది, పెద్దనాయన పోయినట్టే అనుకున్నాను. ఆమె పుట్టిన తర్వాత ఎడమ పువ్వును దాటిన మనిషి కాదు. నీలం రంగు కూడా కొట్టించుకోలేదు.

ఓబులేసుకు కూడా జాలేసింది. "ఇంకోతూరి పెడదామా అలివేలమ్మక్కా? అప్పుడప్పుడూ మళ్ళా పెడతాం గదా" అన్నాడు.

"వద్దులే ఓబులేసూ. నాకు గావాల్సింది పడేదాకా పెట్టుకుంటా పోతే అది అడగడం ఎట్లయితాది?" అంది.

ఆమె గడప దాటి లోపలికి పోయింది. ఎప్పుడూ దాటదు. కింద పడిన ఎడమ పువ్వును తీసుకుంది. సామి ముఖంలోకి చూస్తూ మాట్లాడింది. నాకు ప్రతి మాటా గుర్తుంది.

"ముందుతూరి నువ్వు తప్పు చెప్పలేదు సామీ. తప్పు నాది. ఆ పుండు వాసన నాకు ముందే వచ్చింది. ఆసుపత్రికి పోవల్లని నాకు ముందే తెలుసు. పోతే కాలు తీస్తామంటారని భయపడినా. భయపడి, తెలిసినదాన్నే తెలీనట్టు నీ కాడికి తెచ్చి అడిగినా. వద్దంటావేమోనని ఆశపడి అడిగినా. అన్నావు. నా భయాన్ని నీ నెత్తినేసి ఇంట్లో కూచున్యా. ఇప్పుడు గూడా నాకు తెలుసు. ఆ డాక్టరమ్మ చెప్పినప్పుడే తెలుసు. మళ్ళా ఎందుకొచ్చినానంటే, ఇన్నేండ్ల అలవాటు."

బయట చెట్ల మీద కాకులు తప్ప చప్పుడు లేదు.

"ఇన్నేండ్లు నీ మాట నేను ఇన్న్యా. ఈ ఒక్కతూరి నా మాట నువ్వు ఇను. నేను పోయి సంతకం పెడతాండా. నువ్వు గూడా రా. ఈడ కూచోవద్దు."

పువ్వును కొంగున ముడేసుకొని బయటికి వచ్చి, నా భుజం మీద ఒకటి చరిచింది. "ఏందిరా గుడ్లప్పగించి చూస్తాండావు, పా" అంది. నేను ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

లాల్ బాషా కారును ఎలా తోలాడో చెప్పలేను. ముద్దనూరు దగ్గరికి వచ్చేసరికి రైలు గేటు పడింది. థర్మల్ స్టేషన్‌కు పోయే బొగ్గు బండి. పెట్టె వెనక పెట్టె, పెట్టె వెనక పెట్టె, ఎంతకీ తెగదు. మధ్యలో అది ఆగిపోయింది కూడా. నేను వాచీ చూసుకుంటున్నాను. లాల్ బాషా స్టీరింగ్ మీద నుంచి వేళ్ళు తీసి, అద్దంలోంచి పెద్దమ్మ ముఖం చూశాడు. చూసి వెంటనే కళ్ళు దించుకున్నాడు. వద్దనుకుంటే ఆయనే అడ్డం పడతాడన్న మాట పొద్దున తన నోటితోనే అన్నాడు మరి. ఆ మాట కార్లో ముగ్గురికీ గుర్తుంది.

దారిలో వెనక నుంచి ఎవరన్నా పిలిస్తే ఆగిపోయే మనిషి పెద్దమ్మ. బయల్దేరేటప్పుడు బల్లి పలికితే కాళ్ళు కడుక్కొని మళ్ళీ కూర్చునే మనిషి. ఇప్పుడు ఏమంటుంది? కారు వెనక్కి తిప్పమంటే నేనేం చేయాలి?

పెద్దమ్మ కొంగులోని ముడిని ఒకసారి తడుముకుంది. బొగ్గు బండి వంక చూసింది. "గేటు పడేది రైలు కోసరం, నా కోసరం గాదు. లేస్తానే తోలు నాయనా" అంది.

గేటు లేచింది.

ఆసుపత్రిలో ఆమె మొదట సంతకం పెట్టింది, ఆ తర్వాతే మంచం దగ్గరికి వెళ్ళింది. పెద్దనాయన జ్వరంలో కూడా ఆమె కోసమే తలుపు వైపు చూస్తున్నాడు. "ఏమన్నాడే?" అన్నాడు.

"వద్దన్నాడు."

"మరి?"

"నేను సరే అన్న్యా."

పెద్దనాయన ఎండిపోయిన పెదవులతో నవ్వాడు. "ఓసి నీ! పెండ్లయినప్పటి నుంచి ఇది మొదటితూరి, నువ్వు నా పక్కకు రావడం" అన్నాడు. ఆమె కొంగు ముడి విప్పి, వాడిన గన్నేరు పువ్వును ఆయన దిండు కింద పెట్టింది. వద్దన్న పువ్వునే పెట్టింది. స్ట్రెచర్ కదిలినప్పుడు ఆయన చెయ్యి వదలకుండా తలుపు దాకా నడిచింది. నేనూ సుధారాణీ వెనకాల నడిచాం. ఆ రోజు ఆమె మీద అరిచిన నా గొంతును నేనే పిసికేసుకోవాలనిపించింది.

పెద్దనాయన దక్కాడు. కుడికాలు మోకాలి కింద లేదు. కొన్ని నెలల పాటు ఇంటి అరుగు మీద కూర్చొని వచ్చిపోయే ప్రతివాణ్ణీ తిట్టాడు. తర్వాత చంకకర్రలతో తోట దాకా పోవడం నేర్చుకున్నాడు. "ఇప్పుడు ముల్లు దిగాలంటే కర్రకే దిగల్ల" అని తనే జోకులేస్తాడు. ఇంకో కాలు మిగిలింది కదా పెద్దనాయనా అని మేమెవరమూ అనం. ఆ కాలికి కొత్త చెప్పు కొనిపెట్టింది పెద్దమ్మ, పువ్వడగకుండానే.

గుడికి మాత్రం ఆమె పోలేదు. ఊర్లో ఊరుకుంటారా? సామి వద్దన్నా వినలేదంట, చూడండి ఏమవుతుందో అన్నారు. ఆ ఏడు వడగండ్లు పడి అందరి చీనీకాయలూ రాలిపోతే, అదీ ఆమె లెక్కలోనే వేశారు. నేను విని కొట్లాటకు పోబోయాను. ఆమె ఆపింది. "వాళ్ళ మాటలకేం గాని, నాకే మొగం చెల్లడం లేదురా. పెద్దమనిషి మాట కాదని వచ్చినాక, మళ్ళా ఏం మొగం పెట్టుకొని పోయేది?" అంది. అన్నది మామూలుగానే. కానీ తోటకు పోయేటప్పుడు గుడి ముందరి దారి వదిలి, చుట్టూ గట్ల మీద తిరిగి పోతోందని పెద్దనాయన నాకు చెప్పాడు. అలకతో తల తిప్పుకోవడం వేరు, సిగ్గుతో దారి తప్పించుకోవడం వేరు. ఆమె బెంగ పెట్టుకుంది. మనిషి చిక్కిపోయింది.

ఒక శనివారం నేను అక్కడే ఉన్నాను. పొద్దున్నే తలస్నానం చేసి, జుట్టు ముడేసుకొని, "రారా, గుడికి పోయొద్దాం" అంది. ఎందుకు మనసు మారిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. గుడి కనపడగానే కొంగు భుజం నిండా కప్పుకుంది, కొత్తగా అత్తగారింటికి పోయినట్టు.

ఆమె చెప్పుల చప్పుడు విని ఓబులేసు బయటికి వచ్చాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. గబగబా నీళ్ళ చెంబు అందుకున్నాడు, గన్నేరు చెట్టు నుంచి రెండు పూలు తుంచుకొచ్చాడు. "చెప్పక్కా, ఏమడగల్ల?" అన్నాడు.

"ఏమీ అడిగేది లేదు ఓబులేసూ. ఆ పూలు ఊరికే పెట్టు" అంది.

"మరి ఎందుకొచ్చినావక్కా?"

పెద్దమ్మ చెప్పులు విడిచి, గడప పక్కన కింద కూర్చుంది. సామి వంక చూసింది.

"ఎప్పుడూ నేనే అడుగుతా ఉండా గదా. ఆయప్పకేమన్నా నన్ను అడిగేది ఉందేమోనని వచ్చినా" అంది.